తగ్గడం ఒకటి, తగ్గి ఉండటం మరొకటి

ఉదయం పరగడుపున తూచుకున్న బరువుకూ, అదే రోజు రాత్రి భోజనమయ్యాక తూచుకున్న బరువుకూ కిలో దాకా, ఒక్కోసారి కిలోన్నర దాకా తేడా వస్తుంది. ఆ కాస్త వ్యవధిలో ఒంట్లో కిలో కొవ్వు చేరే అవకాశమే లేదు. తిన్న అన్నం, తాగిన నీళ్ళు, మజ్జిగ, ఊరగాయలోని ఉప్పు పట్టి ఉంచిన తేమ, ఇంకా బయటికి పోవలసి ఉన్నవి, అన్నీ కలిస్తే ఆ కిలో. ఈ సంగతి తెలిసినవాళ్ళు కూడా మంచం కింది నుంచి వెయిటింగ్ మిషన్ లాగి, దానిమీద ఊపిరి బిగబట్టి నిలబడి, అంకె పెరిగితే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఒకప్పుడు బరువు చూసుకోవడమంటే రైల్వే స్టేషన్లో రంగురంగుల బల్బులు వెలిగే పెద్ద మిషన్ ఎక్కి, బిళ్ళ వేసి, టక్కున పడే అట్టముక్క అందుకోవడం. ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. చాలామంది జాతకమే ముందు చదివేవారు. ఇప్పుడు ఆ అంకె ఇంట్లోకి వచ్చేసింది, జాతకం పని కూడా అదే చేస్తోంది. పొద్దున్నే అది చెప్పినదాన్ని బట్టి ఆ రోజు ఇడ్లీలు రెండా, నాలుగా అన్నది తేలుతుంది. ఇంతకీ ఆ అంకె కొలుస్తున్నది దేన్ని?

మొదటి వారంలో ఎక్కువగా నీటినే. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో అరకిలో దాకా పిండిపదార్థం నిలవ ఉంటుంది. దానిలో ప్రతి గ్రామూ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, ఇడ్లీ, చక్కెర ఒక్కసారిగా తగ్గించిన మనిషిలో ఆ నిలవ ఖర్చయిపోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీరు మూత్రంగా వెళ్ళిపోతుంది. వారం తిరిగేసరికి కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్టు మిషన్ చూపిస్తుంది. నడుము దగ్గర ప్యాంటు కాస్త వదులవుతుంది. ఇంట్లో ఉత్సాహం, చుట్టాలకు ఫోన్లు. ఏ పద్ధతి పట్టినా మొదటి వారం గుణమిచ్చినట్టే కనిపించడానికి కారణం ఇదే. వారంలో మూడు కిలోలు తగ్గిస్తామని ఆటోల వెనక అంటించే ప్రకటనలకు బతుకుదెరువూ ఇదే. మూడో వారానికి అంకె మొండికేస్తుంది. అప్పుడు మనిషి తన పట్టుదలనన్నా అనుమానిస్తాడు, పద్ధతినన్నా మారుస్తాడు. నీటి లెక్క ముగిసి కొవ్వు లెక్క మొదలైందని ఎవరూ చెప్పరు.

కొవ్వు లెక్క నిదానమైనది. 19వ శతాబ్దం చివర్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ మనుషులను గదిలాంటి పరికరంలో ఉంచి, వాళ్ళు తిన్నదాన్నీ, వాళ్ళ ఒంట్లోంచి వెలువడిన వేడినీ కొలిచాడు. పిండిపదార్థాలకూ మాంసకృత్తులకూ గ్రాముకు 4 కేలరీలు, కొవ్వుకు 9 అన్న లెక్క ఆయన పనిలోంచి వచ్చిందే. బిస్కెట్ ప్యాకెట్ వెనక అచ్చయ్యే అంకెలకు ఈనాటికీ ఆధారం అదే. ఒంటిమీది కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకు 500 తగ్గిస్తే పదిహేను రోజులకు కిలో, ఏడాదికి 24 కిలోలు అని ఎవరైనా భాగహారం చేసేస్తారు. ఆ లెక్కే నిజమైతే నాలుగేళ్ళలో మనిషి మిగలకూడదు. అలా జరగదు, ఎందుకంటే తగ్గిన ఒంటికి ఖర్చూ తగ్గుతుంది. 90 కిలోల మనిషి మేడ మెట్లెక్కడానికి పెట్టే ఖర్చు 80 కిలోలకు దిగాక పెట్టడు. అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో ఈ మార్పును కూడా కలుపుకొని లెక్క కట్టింది. స్థూలంగా, రోజుకు 24 కేలరీల చొప్పున ఎప్పటికీ తగ్గించుకుంటే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది, దాదాపు అంతా తగ్గడానికి 3 ఏళ్ళు పడుతుంది.

ఈ లెక్కన పది కిలోలు తగ్గాలంటే రోజుకు 240 కేలరీలు. అంటే 70 గ్రాముల బియ్యం. వండితే ఒక కప్పు అన్నం. రోజూ ఒక కప్పు తక్కువ తిని, దాని బదులు మరేదీ తినకుండా ఉంటే మూడేళ్ళకు పది కిలోలు పోతాయి. ఆ కప్పు మళ్ళీ కంచంలోకి రానంతకాలం అవీ తిరిగి రావు. వినడానికి ఇది చాలా చిన్న అంకె. అయినా నెల్లాళ్ళపాటు నాలుగు కప్పులు మానేయడానికి సిద్ధపడే మనిషి, ఒక్క కప్పును జీవితాంతం వదులుకోమంటే వెనకాడతాడు. ఎందుకు? మొదటిది వ్రతంలాంటిది. గడువుంటుంది, నలుగురికీ చెప్పుకోవచ్చు, చివర ఉద్యాపన ఉంటుంది, ఉద్యాపన నాడు పిండివంటలూ ఉంటాయి. రెండోదానికి అవేమీ లేవు. ఎవరూ మెచ్చుకోరు, ఎప్పుడు పూర్తయిందో తెలియదు. బరువు తగ్గడం గురించి వచ్చే సలహాల్లో నూటికి తొంభై మొదటి రకానివే కావడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు కంచంలో ఆ ఒక్క కప్పు ఎక్కడుందో వెతికితే కొత్త సంగతి ఒకటి బయటపడుతుంది. ఇక్కడ భోజనం ఒక్క విడతలో ముగియదు. మొదట పచ్చడి, పప్పు, తర్వాత కూర, ఆపైన పులుసో సాంబారో చారో, చివర పెరుగు. ఒక్కోదానికీ ఒక్కో విడత అన్నం. వేడన్నంలో ఆవకాయ, నెయ్యి కలిపిన తొలి ముద్దలు అసలు లెక్కలోకే రావు, అవి ఆకలి పుట్టించడానికి. ఆకలి రెండో విడతకే తీరిపోయినా చారు పోసుకోవాలి కాబట్టి అన్నం, పెరుగు తినకుండా లేస్తే భోజనం చేసినట్టుండదు కాబట్టి మళ్ళీ అన్నం. డాక్టరు అన్నం తగ్గించమన్నప్పుడు మనిషికి వినిపించేది ఏ విడత మానేయాలన్న ప్రశ్న. చారు మానాలా, పెరుగు మానాలా? రెండూ కష్టమే. అందుకే రాత్రిపూట చపాతీ అనే రాజీ పుట్టింది. రెండు చపాతీలు, ఆ మీదట ‘కొంచెం’ పెరుగన్నం. నాలుగు విడతలూ ఉంచుకుని, ప్రతి విడతలో అన్నం సగం చేసి కూర రెట్టింపు చేసుకోవడం నాలుకకు తక్కువ అన్యాయం చేస్తుంది. దానికీ ఒక చిక్కుంది. తెలుగు కూరలు, పచ్చళ్ళు అన్నంలో కలుపుకోవడానికి తగిన ఉప్పూకారాలతో వండినవి. చెంచాడు గోంగూర పచ్చడి కంచెడన్నాన్ని లాగేస్తుంది. దొండకాయ వేపుడును ఒట్టిగా గిన్నెడు తినమంటే ఎవరివల్లా కాదు. వంట తీరు మారకుండా అన్నం మాత్రమే తగ్గించిన ఇళ్ళలో నాలుగో రోజుకే గరిటె పాత కొలతకు వచ్చేస్తుంది. కూరలో ఉప్పు, కారం, నూనె తగ్గినప్పుడే దాన్ని ఎక్కువ తినడం సాధ్యమవుతుంది. సంస్కరణ కంచంలో కాకుండా పొయ్యిమీద మొదలవ్వాలి.

ఈ తెల్లన్నం రాశి అందరి ఇళ్ళలోనూ అనాదిగా ఉన్నదేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలను పక్కన పెడితే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో రెండు మూడు తరాల కిందటి దాకా జొన్న రొట్టె, గటక, రాగి సంకటి, కొర్రన్నం, అంబలి రోజువారీ తిండి. వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో. సాగునీరు పెరిగింది, కొత్త వంగడాలు వచ్చాయి, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టింది. ఆకలితో ఉన్న ఇళ్ళకు అది ఎంత ఆసరానో ఆకలి తెలిసినవాళ్ళకే తెలుసు, ఇవాళ్టి పొట్టల బాధ్యత దానిమీద వేయడం అన్యాయం. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి, రైతుల మాటలో బీపీటీ 5204, 1986లో విడుదలయ్యాక సన్నబియ్యపు అన్నం మధ్యతరగతి హోదాకు గుర్తయింది. తిండి అలా మారుతుండగా పని ఇంకా వేగంగా మారిపోయింది. నాగలి దున్ని, కుప్ప నూర్చి, సంతకు నడిచి వెళ్ళొచ్చిన మనిషి కంచంలోని అన్నం కొలత, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనవడి కంచంలో అలాగే ఉండిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అధిక బరువో ఊబకాయమో ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద 24 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. పురుషుల్లోనూ దేశ సగటు 23 శాతం ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ 31, 32 శాతం దగ్గర ఉంది.

అయితే నేరమంతా అన్నం మీదే మోపడం తొందరపాటు కాదా? తమిళులూ బెంగాలీలూ కూడా అన్నమే తింటారు. అన్నం పక్కకు చేరినవాటిని కూడా చూడాలి. నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో చూడాలి. సందు మొదట్లో కర్రీ పాయింటు, చివర్లో బేకరీ, రాత్రి పదకొండింటికి ఫోన్లో తెప్పించుకునే బిర్యానీ, టీతో పాటు నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, పిల్లలు వదిలేసిన చిప్స్. కెవిన్ హాల్ బృందమే 2019లో ఇరవై మందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి, ఎవరికి కావలసినంత వాళ్ళకు పెట్టింది. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండు రకాల్లోనూ సమానంగా ఉండేటట్టు చూశారు. అయినా ప్యాకెట్ తిండి ఉన్న రోజుల్లో మనుషులు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. ఎక్కువ తింటున్నామన్న స్పృహ వాళ్ళకు ఉన్నట్టు లేదు. మెత్తగా, త్వరగా దిగిపోయే తిండి కడుపు నిండిందన్న కబురు కంటే ముందే కడుపులోకి చేరుతుంది.

తెలుగునాట బరువు తగ్గే పద్ధతులకు పెద్ద గురుపరంపరే ఉంది. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె వదిలేసి మొలకలు, పండ్లు, పచ్చికూరల రసాలు తీసుకోమన్నారు. విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ దానికి పూర్తిగా ఎదురు దారి చూపారు. అన్నం, పప్పు, పండ్లు మానేసి కొబ్బరి నూనె లాంటి కొవ్వులు పుష్కలంగా తీసుకోమన్నారు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు తినమన్నారు. ఒకరు వద్దన్న నూనెను ఇంకొకరు గ్లాసుతో తాగమంటే, ముగ్గురి దగ్గరా బరువు తగ్గినవాళ్ళు వేలల్లో ఎలా ఉంటారు? తరచి చూస్తే మూడు దారుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. తెల్లన్నం, చక్కెర, మైదా కంచంలోంచి వెళ్ళిపోయాయి, సాయంత్రం చిరుతిండి ఆగింది, తినే ప్రతిదాని మీదా మనిషికి ఎరుక కలిగింది. మిగతా తేడాలన్నీ భక్తుల తగాదాలు. కొర్రలనే తీసుకుంటే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్ళు అచ్చువేసిన పట్టికల్లో 100 గ్రాముల బియ్యానికి 345 కేలరీలు, కొర్రలకు 331, సామలకు 341. తేడా దాదాపు లేదు. పీచు ఎక్కువ కాబట్టి కొర్రన్నం నెమ్మదిగా అరుగుతుంది, కొంచెం తినగానే చాలనిపిస్తుంది, ఆ చాలనిపించడమే దాని లాభం. బియ్యంతో తిన్నంత రాశీ కొర్రలతోనూ తింటే ఆ లాభం పోయినట్టే. ఈ పద్ధతుల అసలు పరీక్ష రెండో ఏట వస్తుంది. కొబ్బరి నూనె మీద ఏడాదికి పైగా, ఉప్పులేని కూర మీద ఏడాదికి పైగా నిలబడ్డవాళ్ళు ఏ ఊళ్ళోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

పాతకాలపు పద్ధతి ఒకటి ఇళ్ళలో ఇంకా మిగిలే ఉంది. శనివారం ఒంటిపూట. వెంకటేశ్వరస్వామి పేరు మీద రాత్రి అన్నం మానడం. కడుపుకు వారానికోసారి విశ్రాంతి అన్న ఆలోచన దాని వెనక ఉండే ఉంటుంది. కాని అన్నం బదులు పలహారం అనేసరికి కథ మారిపోయింది. రాత్రి ఎనిమిదింటికి నెయ్యి వేసిన ఉప్మా పెసరట్టు, లేకపోతే బంగాళాదుంప కూరతో పూరీలు, అల్లప్పచ్చడితో అట్లు నాలుగు. మామూలు రోజున రెండు విడతల్లో తిని లేచే మనిషి ఆ రాత్రి స్వామి పేరున అంతకు ఒకటిన్నర రెట్లు తింటాడు. నేడు పదహారు గంటలు తినకుండా ఉండే పద్ధతి పట్టినవాళ్ళూ ఈ గోతిలోనే పడుతున్నారు. తినే గంటలు తగ్గితే తిండి తగ్గుతుందన్నది చాలామంది విషయంలో నిజమే, తగ్గనివాళ్ళకు ఆ గడియారం చేసే మేలు ఏమీ లేదు.

తిండి ఒక్కరి వ్యవహారం కాకపోవడం ఇంకో చిక్కు. మగవాడు డైటింగ్ మొదలుపెడితే వంటింట్లో భార్య పని రెట్టింపవుతుంది. ఆయనకు ఓట్స్, పిల్లలకు దోసెలు, అత్తగారికి మెత్తటి అన్నం. ఆమె మాత్రం పారేయలేక పిల్లల కంచంలో మిగిలిన రెండు ముద్దలు, గిన్నెలో అడుగంటిన పులిహోర, ఎవరూ తినని నిన్నటి లడ్డూ తింటుంది. అది ఏ లెక్కలోనూ పడదు. ఇద్దరూ తగ్గారే అనుకుందాం, చుట్టాలింటికి వెళ్తే కొసరి కొసరి వడ్డించేవాళ్ళు ఊరుకోరు. మొహమాటపడుతున్నారంటారు, మా వంట నచ్చలేదా అంటారు. పది కిలోలు తగ్గి పెళ్ళికి వెళ్ళిన మనిషిని పెద్దావిడ చెయ్యి పట్టుకుని, ‘ఏమిటమ్మా ఇలా చిక్కిపోయావు, షుగర్ గానీ వచ్చిందా?’ అని దిగులుగా అడుగుతుంది. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, ఒకప్పుడు చిక్కిపోవడమంటే క్షయో, కరువో అన్న జ్ఞాపకమూ ఉంది. ఆ ప్రేమకు జవాబు చెప్పలేక మళ్ళీ పెరిగినవాళ్ళు చాలామందే ఉంటారు. సన్నబడాలనుకునే మనిషికి పక్కనున్నవాళ్ళ సమ్మతి కావాలన్న మాట ఏ డైట్ చార్టులోనూ ఉండదు.

ఇక వ్యాయామం. తెల్లవారుజామున హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, ఇందిరా పార్కులో, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ళ గుంపులు చూస్తే ఊరంతా ఆరోగ్యం కోసం నడుం బిగించిందనిపిస్తుంది. గేటు దగ్గర కాకర, బూడిద గుమ్మడి, సొరకాయ రసాలమ్మే బండ్లు. (సొరకాయ రసం చేదుగా తగిలితే వెంటనే ఉమ్మేయాలి, అలాంటి రసం ప్రాణాల మీదికి తెచ్చిన ఉదాహరణలున్నాయి.) ఇంకాస్త ముందుకు వెళ్తే నెయ్యి కారం ఇడ్లీ బండి. 70 కిలోల మనిషి గంటసేపు ఒక మాదిరి వేగంతో ఐదు కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది 175 కేలరీలకు అటూ ఇటూ. 20 గ్రాముల నూనెలో అంతే ఉంటుంది. ఆ గంట నడకను ఇడ్లీ బండి పది నిమిషాల్లో కొట్టేస్తుంది. నడిచాం కదా అన్న ధీమా తిండి మీద పట్టు సడలిస్తుంది కూడా. మూడు నెలలు నడిచినా కిలో తగ్గలేదని నిరాశపడి మానేసినవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళకు నడక మీద పెట్టిన ఆశే తప్పు.

రోజుకు పదివేల అడుగులన్న నియమం కూడా వైద్యుల దగ్గర పుట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడు, 1965లో, జపాన్ కంపెనీ యమసా అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టింది. 2019లో అచ్చయిన అమెరికా అధ్యయనం ఒకటి పెద్ద వయసు స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్ళకే 2,700 వేసేవాళ్ళకంటే మరణాల ముప్పు బాగా తక్కువగా కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధం 1953లోనే జెర్రీ మోరిస్ లండన్ బస్సుల్లో పట్టుకున్నాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువ. తర్వాత ఆయనే యూనిఫాం కొలతల చిట్టాలు తెరిచి చూశాడు. డ్రైవర్ల నడుము ఉద్యోగంలో చేరిన రోజుల నుంచే ఎక్కువ. కూర్చోవడం వల్ల లావయ్యారా, లావుగా ఉన్నవాళ్ళు కూర్చునే ఉద్యోగం ఎంచుకున్నారా? ఈ సందేహాన్ని తనే పైకి తీసిన శాస్త్రవేత్త మీద గౌరవం పెరుగుతుంది.

మరి వ్యాయామం బరువుకు దేనికీ పనికిరాదా? జవాబు అమెరికాలోని ఓ టీవీ పోటీ నుంచి వచ్చింది. ‘ది బిగ్గెస్ట్ లూజర్’ పోటీలో పాల్గొన్న 14 మంది 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్ళ తర్వాత చూస్తే సగటున 41 కిలోలు తిరిగి వచ్చాయి. 2016లో ఆ ఫలితాలు వెలువడినప్పుడు అందరినీ కలవరపెట్టింది ఇంకొకటి. వాళ్ళ ఒళ్ళు ఊరికే ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి, ఆ బరువుకు ఉండవలసినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. ఆరేళ్ళయినా ఒళ్ళు కరువు రోజులనుకునే పొదుపు చేస్తోంది. ఈ సంగతి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను, వాళ్ళ ఇష్టంతోనే, 24 వారాలు అర్ధాకలితో ఉంచాడు. బరువు నాలుగో వంతు పోయింది, ఒంటి ఖర్చు అంతకు మించి పడిపోయింది. వాళ్ళు వంటల పుస్తకాలు చదువుతూ, కంచాలు నాకుతూ, తిండి గురించి తప్ప మరోటి ఆలోచించలేని స్థితికి వచ్చారు. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం గుర్తించాక ఈ గోల వెనకున్న యంత్రాంగం కొంత తెలిసింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడుకు అది కరువు కబురు. ఆకలి పెంచు, ఖర్చు తగ్గించు అన్న ఆజ్ఞ అక్కడి నుంచి వస్తుంది. మళ్ళీ పెరిగినవాళ్ళను మనోబలం లేనివాళ్ళుగా చూడటం ఎంత మొరటు తీర్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ పోటీదారుల మీదే మరుసటి ఏడాది ఇంకో విశ్లేషణ వచ్చింది. పోటీ జరిగిన 30 వారాల్లో ఎవరు ఎంత తగ్గారన్నది వాళ్ళు తిండి ఎంత తగ్గించారన్న దానిమీద ఆధారపడింది, వ్యాయామానికి అందులో చెప్పుకోదగ్గ పాత్ర కనబడలేదు. ఆరేళ్ళ తర్వాత ఎవరు ఎంత నిలబెట్టుకున్నారన్నది మాత్రం అటుదిటయింది. కదలికను బాగా పెంచుకుని అలాగే కొనసాగించినవాళ్ళ బరువే తక్కువగా నిలిచింది. 1994లో రెనా వింగ్, జేమ్స్ హిల్ మొదలుపెట్టిన అమెరికా జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో 13.6 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళు వేలమంది నమోదయ్యారు. వాళ్ళు తగ్గిన దారులు రకరకాలు. నిలబెట్టుకునే దారిలో మాత్రం పోలికలున్నాయి. సగటున రోజుకు గంట వ్యాయామం, అందులో ఎక్కువమందికి నడకే. వారానికోసారైనా బరువు చూసుకోవడం. పండగకూ పనిరోజుకూ పెద్దగా మారని తిండి. గెలిచినవాళ్ళు తమంతట తాము చేరిన జాబితా కాబట్టి దాన్ని అందరికీ వర్తించే రుజువుగా తీసుకోకూడదు, అయినా పోటీదారుల కథతో ఇది సరిపోలుతోంది. తగ్గడానికి ముఖ్యంగా కంచం, తగ్గి ఉండటానికి ముఖ్యంగా కాళ్ళు. పార్కులో మూడు నెలలు నడిచి మానేసినవాళ్ళు, నడక అవసరం అసలు మొదలయ్యే చోటే ఆగిపోతున్నారు. పొట్ట, ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే చిక్కు. మందు ఆపితే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తోంది.

కాళ్ళతో పాటు కండ సంగతి కూడా చూసుకోవాలి. ఒట్టి పస్తులతో తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండరమూ పోతుంది, తిరిగి పెరిగినప్పుడు మాత్రం ముందు కొవ్వే వస్తుంది. భారతీయుల్లో కండ పుట్టుకతోనే తక్కువ. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన గుమాస్తా, మాస్టారు తెలుగు కార్టూనిస్టులకు ఏనాటి నుంచో తెలిసినవాళ్ళే, శాస్త్రం వాళ్ళను ఆలస్యంగా గుర్తించింది. అందుకే భారతీయులకు బీఎంఐ 25 బదులు 23 దాటితే చాలు, అధిక బరువంటున్నారు, నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదంటున్నారు. కంచంలో అన్నం తగ్గినచోట పప్పు, గుడ్డు, పెరుగు, చేప, శనగలు చేరాలి. వారానికి రెండు రోజులైనా బరువులెత్తాలి. డంబెల్సే కానక్కర్లేదు, గోడకానుకుని గుంజీలు తీసినా, నీళ్ళ బిందె మోసినా కండ తేడా తెలుసుకోలేదు. ఆడవాళ్ళకు బరువులెందుకన్న మాట ఇంకా వినిపిస్తోంది. యాభై దాటాక మోకాళ్ళు, ఎముకలు ఆ మాటకు మూల్యం చెల్లిస్తాయి.

ఇంత చేసినా మిషన్ మీద అంకె అనుకున్నంత దిగకపోవచ్చు. అది ఓటమేనా? 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యమే చిన్నది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. 80 కిలోల మనిషికి ఇది ఐదున్నర కిలోలు. షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గినది 31 శాతమే. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మంది మీద ఇలాంటి ప్రయత్నమే చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి సరిదిద్దుకుని, రోజూ అరగంట చురుగ్గా నడిచిన వర్గంలో ముప్పు 28.5 శాతం తగ్గింది. సగటు బరువులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.